గోడను కోసి చూపే గీతలు

పిల్లలూ! పుచ్చకాయను పైనుంచి చూస్తే ఆకుపచ్చని తొక్కే కనిపిస్తుంది. కోస్తేగాని లోపలి ఎరుపూ, గింజలూ తెలియవు. ఇల్లు కూడా అంతే. సున్నం కొట్టిన గోడలో రాయి ఉన్నదో, ఇటుక ఉన్నదో చూడగానే తెలియదు. అందుకే ఇంటి ప్లాను గీసేవారు గోడను కాగితం మీద కోసి చూపుతారు. కోసినచోట ఏ వస్తువు ఉన్నదో తెలిపే సన్నని గీతలనూ, చుక్కలనూ హ్యాచింగ్ అంటారు.

ఇటుకకు ఏటవాలు గీతలు. కాంక్రీటుకు చుక్కలు, వాటి మధ్య కంకరవలె చిన్న త్రికోణాలు. ఇటువంటి గుర్తులకు మన దేశంలో ఐ.ఎస్. 962 అనే ప్రమాణం ఉన్నది. అయినా అందరూ ఒకే తీరుగా గీయరు. కాబట్టి ప్లాను మూలలో గుర్తుల పట్టిక తప్పక ఉండాలి.

"ఇదంతా అలంకారమే కదా?" అంటారేమో. కాదు. నంద్యాల జిల్లా సంజామలవంటి రాయలసీమ ఊళ్లలో పాత మిద్దెలు చూడండి. రాయీ మట్టీ కలిపి కట్టిన లావుపాటి గోడలు, వాటిమీద దూలాలు, పైన చవుడు. అటువంటి మిద్దెను ఆనుకొని ఇటుకతో కొత్త గది కడుతున్నారనుకోండి. ప్లానులో గోడలన్నీ ఒకే తీరుగా ఉంటే, మేస్త్రి పాత గోడను ఇటుక గోడే అనుకొని వాకిలికోసం పగలగొట్టవచ్చు. రాళ్లు కదిలితే పైనున్న దూలం గతి ఏమిటి?

పూర్వం ఈ గీతలన్నీ చేతితోనే గీసేవారు. 1963లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అనే ఆయన, తెర మీద బొమ్మ గీయగల "స్కెచ్‌ప్యాడ్" తయారుచేశాడు. 1982లో "ఆటోక్యాడ్" వచ్చింది. ఇప్పుడు మౌసు ఒక్కసారి నొక్కితే గోడంతా గీతలతో నిండిపోతుంది. అయితే గట్టు తెగిన మడిలో నీరు నిలవనట్లే, గోడ గీతలలో సందు ఉంటే యంత్రం మొరాయిస్తుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. 23 సెంటీమీటర్ల గోడను 50వ వంతుకు తగ్గించి గీస్తే 4.6 మిల్లీమీటర్లు వస్తుంది. అందులో మిల్లీమీటరుకొక గీత ఉంటే చక్కగా కనిపిస్తుంది. అదే ప్లానును 200వ వంతుకు కుదిస్తే, గీతల మధ్య ఎడం పావు మిల్లీమీటరే! మసి పూసినట్లు ఉంటుంది. అందుచేత స్కేలు మారినప్పుడల్లా గీతల ఎడమూ మార్చుకోవాలి. కోసిన గోడ అంచు లావుగా, లోపలి గీతలు సన్నగా ఉండాలి. అన్నీ ఒకే లావున ఉంటే గోడ ఎక్కడున్నదో కన్ను పట్టుకోలేదు. యంత్రం గీస్తుందిగాని, ఏది ఎట్లా గీయాలో నిర్ణయించవలసింది మనిషే.

ఈ ఆదివారం మీ ఇంటి గోడలు దేనితో కట్టారో పెద్దలను అడగండి. మీటరుకు 2 సెంటీమీటర్ల చొప్పున ఒక గది గీసి, గుర్తులతో నింపండి. దానిని ఒక మేస్త్రికి చూపండి. మీరు నోరు విప్పకుండానే ఆయన "ఇది రాయి, ఇది ఇటుక" అన్నాడంటే, మీ ప్లాను మంచిదన్నమాటే!