నవ్వించే అవ్వలు

నలభై దాటిన ఇల్లాలు మధ్యాహ్నంపూట ఫోనులో ఎవరిని చూసి నవ్వుకుంటుందో ఎప్పుడైనా గమనించారా? మా రామాపురంలో నేను గమనించాను. అందగత్తెలను కాదు సుమండీ!

తెనాలి పక్క గుడివాడ మస్తానమ్మగారిని. (కృష్ణాజిల్లా గుడివాడ అనుకునేరు, కాదు.) చిన్నవయసులోనే భర్త పోతే కూలిచేసి పిల్లల్ని పెంచిన మనిషి. 2016లో మునిమనవడు ఆమె వంటను యూట్యూబులో పెట్టాడు. ఆరుబయట కట్టెలపొయ్యి, బోసినోటి నవ్వు, పుచ్చకాయలో కోడికూర! లక్షలమంది చూశారు. నూరేళ్ళు పైబడి 2018 డిసెంబరులో కన్నుమూసినా, ఆ అవ్వను ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వదీ అదే తీరు. 2020లో బిగ్‌బాస్ ఇంటికి వెళ్ళి, ఒంట్లో బాగాలేదు, పంపించెయ్యమన్నది. భేషజం లేదు.

ఇదేమీ కొత్త రుచి కాదు లెండి. ఇంటి గుట్టు నవ్వుతూ విప్పిన భానుమతీ రామకృష్ణగారి అత్తగారి కథలను మా అమ్మ తరంవారు ఇలాగే చదివారు.

మా పక్కింటి వదినగారిని అడిగాను. "పొట్ట బిగబట్టి కూర్చునేవాళ్ళను చూస్తే నాకు ఆయాసమొస్తుంది వదినా! ఈవిడను చూస్తుంటే హాయిగా ఊపిరాడుతుంది" అన్నారు. కూతురి పెళ్ళి ఫొటోల్లో సైతం వెనక దాక్కున్న ఆవిడ, మొన్న మనవడి పుట్టినరోజున ముందు వరసలో కూర్చున్నారు. జుట్టుకు రంగు కూడా వేసుకోలేదు.