జాయ్‌స్టిక్ వదిలినా ఆగని కెమెరా

గార్డ్ రూంలో జాయ్‌స్టిక్ మీద నుంచి చెయ్యి తీసి అర నిమిషం దాటింది. అయినా స్క్రీన్ మీద 11వ నంబరు కెమెరా గిర్రున తిరుగుతూనే ఉంది. గోదాము గోడ, లారీలు, ఇసుక, మళ్లీ గోడ. ‘దయ్యం పట్టిందా ఏంది దీనికి!’ అన్నాడు మావాడొకడు. నవ్వే ఓపిక ఎవరికీ లేదు. తెల్లారితే పని అప్పగించాలి.

ఇది 2015 ఆగస్టు నాటి మాట. దుబాయ్‌లోని జెబెల్ అలీలో ఒక పెద్ద గోదాము చుట్టూ 14 తిరిగే కెమెరాలు పెట్టే పని మా జట్టుకు పడింది. జగిత్యాల, నిర్మల్, కడప, రాజోలు... తలో ఊరి వాళ్లం. గుంతలు తవ్వడం, స్తంభాలు నిలబెట్టడం, పైపులు వేసి కేబుల్ లాగడం మా వంతు. కెమెరాలు, కంట్రోల్ ప్యానెల్ బిగించేది సబ్ కాంట్రాక్టరు దగ్గరి మలయాళీ టెక్నీషియన్. డిప్లొమా చదువుకున్నాం, సైటు మీద అజమాయిషీ చేస్తున్నాం అనే ధీమా అప్పట్లో మాకు కాస్త ఎక్కువే ఉండేది. ఆ ధీమా దించిన కథే ఇది. గల్ఫ్‌లో ఈ లైన్లో పనిచేస్తున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి, పనికొస్తుందని చెబుతున్నాం.

ఆ డబ్బాలో ఏముంది?

కంట్రోల్ ప్యానెల్ అంటే చూడటానికి క్యాలిక్యులేటర్ పక్కన గేరు రాడ్ పెట్టినట్టుంటుంది. అంకెల మీటలు, చిన్న తెర, ఒక జాయ్‌స్టిక్. 7 నొక్కి కెమెరా మీట నొక్కితే ఏడో కెమెరా మన చేతికి వస్తుంది. జాయ్‌స్టిక్ పక్కకు వంచితే కెమెరా పక్కకు తిరుగుతుంది. ముందుకు, వెనక్కు వంచితే పైకీ కిందికీ చూస్తుంది. పైనున్న గుండీ తిప్పితే బొమ్మ దగ్గరకొస్తుంది. ఎంత వంచితే అంత వేగం. మేం గార్డుకి మొదట చెప్పింది ఇదే: గేదె పగ్గం లాగినట్టు లాగొద్దు, రెండు వేళ్లతో మెల్లగా వంచు చాలు అని.

మాటిమాటికీ తిప్పుకోవాల్సిన అవసరం లేకుండా ‘ప్రీసెట్’ అని ఒకటుంది. కెమెరాను గేటు వైపు తిప్పి, సరిగ్గా కనపడేలా చేసి, 1వ ప్రీసెట్‌గా దాచుకుంటాం. లోడింగ్ తలుపు 2, డీజిల్ ట్యాంకు 3. తర్వాత ఆ అంకె నొక్కితే చాలు, కెమెరా తనంతట తానే అక్కడికి పోయి నిలబడుతుంది. ప్రతి కెమెరాకూ ఏ అంకెకు ఏ చోటో కాగితం మీద రాసి ప్యానెల్ పక్కన అతికించాలి. ఈ కాగితం లేక గార్డులు పడే అవస్థ చాలా సైట్లలో చూశాం.

ప్యానెల్ నుంచి కెమెరాల దాకా కబురు మోసేది రెండే రెండు సన్నని వైర్లు. ఒకదాని చుట్టూ ఒకటి మెలేసి ఉంటాయి. ఆర్‌ఎస్-485 అంటారు ఈ పద్ధతిని. 1200 మీటర్ల దాకా పనిచేస్తుంది. మామూలుగా ఒక లైను మీద 32 పరికరాల వరకు పెట్టుకోవచ్చు. ప్లస్, మైనస్ తారుమారైతే కెమెరా పలకదు. ప్యానెల్‌లో పెట్టిన భాష, వేగం కెమెరాలో పెట్టినవాటితో కలవకపోయినా పలకదు. ‘పెల్కో-డి’, 2400 అని మేం పెట్టుకున్నది ఆ లెక్కే. కరెంటు కేబుల్ పోయే పైపులోనే ఈ వైరు కూడా దూర్చేస్తే కబురు చెడుతుంది. దీనికి వేరే పైపు వేయాల్సిందే.

తూకం రాళ్ల లెక్క

ప్రతి కెమెరాకూ ఒక నంబరు ఉండాలి. పాత కెమెరాల్లో అది లోపల చిన్న చిన్న స్విచ్‌లతో పెడతారు. మొదటి రోజే ఒక తమాషా జరిగింది. 3 నొక్కితే మూడోదీ తిరిగింది, ఏడోదీ తిరిగింది.

మా హెల్పర్ తమ్ముడిది జగిత్యాల పక్క పల్లె. పదో తరగతితో చదువాపేసి వచ్చాడు. వాడికి అర్థమయ్యేలా ఇలా చెప్పాం: కిరాణా కొట్లో తూకం రాళ్లుంటాయి కదా. మొదటి స్విచ్ 1, రెండోది 2, మూడోది 4, నాలుగోది 8. మూడు కావాలంటే ఒకటీ రెండూ పైకెత్తు. ఏడు కావాలంటే మొదటి మూడూ ఎత్తు. పదకొండంటే? వాడు వేళ్లు మడిచి ‘ఎనిమిది, రెండు, ఒకటి’ అన్నాడు. ఏడో కెమెరా విప్పి చూస్తే మూడో స్విచ్ ఎత్తలేదు. అందుకే అది కూడా తన్ను మూడనుకుంది. కొన్ని కంపెనీల కెమెరాల్లో లెక్క కాస్త తేడాగా ఉంటుంది, మాన్యువల్ చూసుకోవాలి.

నెపం ఎవరి మీద?

ఇక అప్పగింతకు ముందు రాత్రి ఈ ఆగని కెమెరా తగులుకుంది. జాయ్‌స్టిక్ వంచినప్పుడు ‘తిరుగు’ అని కబురు పోతుంది. వదిలినప్పుడు ‘ఆగు’ అని ఇంకో కబురు పోతుంది. ఆ రెండో కబురు దారిలో చెడిపోతే కెమెరా తిరుగుతూనే ఉంటుంది. ఇదంతా మాకు తర్వాత అర్థమైంది. ఆ రాత్రి ప్యానెల్ మార్చాం, కెమెరా కరెంటు తీసి పెట్టాం, ఫలితం లేదు.

పొద్దున వచ్చిన ఇంజనీరు కారణం వెంటనే తేల్చేశాడు. ముందు రోజు తమ్ముడు లిఫ్టు బుట్టలో పైకి పోతున్నప్పుడు 11వ కెమెరా బుట్ట అంచుకు తగిలింది. అది చూసినవాళ్లున్నారు. ‘కెమెరా పాడుచేసింది వాడే, ఖరీదు జీతంలోంచి కోయండి’ అన్నాడు. ఆ కెమెరా ఖరీదు వాడి మూడు నాలుగు నెలల జీతం. ఏజెంటుకు కట్టిన అప్పు మీద ఇంటి దగ్గర మిత్తి పెరుగుతూనే ఉంది. రేపు సాయంత్రం దాకా గడువిమ్మని బతిమాలుకున్నాం.

వేసవిలో ఇక్కడ పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని బంద్. షెడ్డు నీడన కూర్చున్నాం. వాడు అన్నం ముందు పెట్టుకుని తినడం లేదు. కాసేపటికి అన్నాడు: ‘అన్నా, పన్నెండో నంబరు కూడా ఒక్కోసారి ఆగుతలేదు. దాన్నైతే నేను ముట్టనే లేదు గద!’

మా బుర్రకు తట్టనిది అదే. పొద్దున్నుంచీ అందరం పదకొండునే చూస్తున్నాం. వెళ్లి ఒక్కొక్కటే తిప్పి చూశాం. ఒకటి నుంచి ఎనిమిది దాకా బుద్ధిగా ఆగుతున్నాయి. తొమ్మిది నుంచి పద్నాలుగు దాకా అన్నీ అప్పుడప్పుడూ మొరాయిస్తున్నాయి. కెమెరాకు దెబ్బ తగిలితే ఒకటే పోవాలి, ఆరు ఎందుకు పోతాయి?

నలభై చెప్పిన నిజం

ఈ రెండు వైర్ల లైను పూసల దండలా ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు పోవాలి. చెట్టుకొమ్మల్లా చీలకూడదు. లైనుకు రెండే కొసలుండాలి, ఆ రెండు కొసల్లోనూ 120 ఓంల రెసిస్టర్ ఉండాలి. అది లేకపోతే బావిలో అరిచిన మాట తిరిగొచ్చినట్టు కబురు కొసకు కొట్టుకుని వెనక్కొస్తుంది, కొత్త కబురుతో కలిసి గందరగోళమవుతుంది. పరీక్ష చాలా తేలిక. కరెంటు మొత్తం తీసేసి ఆ రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టాలి. రెండు 120లు పక్కపక్కన ఉంటే సుమారు 60 చూపాలి.

ఆ రాత్రి మల్టీమీటర్ 40 చూపించింది.

మూడు 120లు కలిస్తే 40. అంటే లైనుకు మూడు కొసలున్నాయి. మూడో కొస ఎక్కణ్ణుంచి వచ్చిందో మాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఎనిమిదో స్తంభం దగ్గరి జంక్షన్ బాక్సు నుంచి లైను వెనక గోడ మీద 9, 10, 11కు పోయి, తిరిగి అదే బాక్సుకు వచ్చి, 12కు పోవాలని డ్రాయింగ్‌లో ఉంది. తిరుగు కేబుల్ 90 మీటర్లు. కేబుల్ తక్కువ పడింది, టైము లేదు. ‘ఎట్లాగూ అదే బాక్సు కదా, అక్కణ్ణుంచే రెండుగా చీల్చెయ్యండి’ అని చెప్పింది మేమే. టెక్నీషియన్ 11 దగ్గర లైను ఆగిపోవడం చూసి ఇదే చివరిదనుకుని రెసిస్టర్ పెట్టాడు, 14 దగ్గరా పెట్టాడు. అతని తప్పేం లేదు. తమ్ముడి తప్పు అసలే లేదు.

తెల్లవారుజాము నాలుగింటికి తిరుగు కేబుల్ లాగి, బాక్సులో చీలిక తీసేసి, 11 దగ్గర రెసిస్టర్ ఆపేశాం. మీటర్ 60 చూపింది. జాయ్‌స్టిక్ వదలగానే 11 టక్కున నిలబడింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తమ్ముడు మాత్రం ఇంకో రెండుసార్లు తిప్పి, వదిలి, చూసుకున్నాడు.

పొద్దున ఇంజనీరు దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాం. కేబుల్ లూజైంది, బిగించాం అని చెప్పేస్తే సరిపోయేది. కానీ అలా చెబితే ‘తగిలించాడు’ అన్న మాట వాడి మీద అలాగే ఉండిపోయేది. మాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు. రెండు రాత్రుల ఓవర్‌టైం ఇవ్వలేదు. వాడి జీతంలో మాత్రం దిర్హాం కోయలేదు.

గోడ అవతల మనవాళ్లే

అప్పగింత రోజు ఇంకో సంగతి బయటపడింది. 11వ కెమెరా బాగా పైకి తిప్పి జూమ్ చేస్తే గోడ అవతలి లేబర్ క్యాంపు కనిపిస్తోంది. నల్లాల దగ్గర లుంగీలు కట్టుకుని స్నానం చేస్తున్నవాళ్లు, మంచాల మీద పడుకున్నవాళ్లు. మేమూ అలాంటి క్యాంపులోనే ఉంటాం. మమ్మల్ని ఎవరో ఇలా చూస్తుంటారా అనిపించింది. ఇలాంటి కెమెరాల్లో ‘ప్రైవసీ మాస్క్’ ఉంటుంది. ఆ భాగం మీద నల్లని ముసుగు వేస్తే, కెమెరా ఎటు తిరిగినా అక్కడ నలుపే కనిపిస్తుంది. ఎవరూ అడగకపోయినా టెక్నీషియన్‌తో చెప్పి అది వేయించాం.

గార్డ్ రూంలో పనిచేసే తమ్ముళ్లకు ఒక మాట. స్క్రీన్ మీది బొమ్మను సరదాకు ఫోన్‌లో తీసి ఊరి గ్రూపులో పెట్టకండి. యూఏఈలో 2021 నాటి 34వ నంబరు సైబర్ నేరాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇతరుల ఏకాంతానికి భంగం కలిగేలా ఫొటోలు తీయడం, పంచుకోవడం నేరం. జైలు శిక్ష, లక్షన్నర నుంచి 5 లక్షల దిర్హాంల జరిమానా దాకా పోతుంది.

ఇప్పుడు ఏం మారింది?

ఇప్పుడు కొత్త సైట్లలో ఎక్కువగా ఐపీ కెమెరాలే. కబురూ, బొమ్మా, చాలావాటికి కరెంటు కూడా ఒకే నెట్‌వర్క్ కేబుల్‌లో పోతాయి. ఆ రాగి కేబుల్ స్విచ్ నుంచి 100 మీటర్లు దాటకూడదు. స్విచ్‌లు ఎత్తి నంబరు పెట్టే పని పోయింది, ఐపీ అడ్రసు వచ్చింది. కానీ రెండు కెమెరాలకు ఒకే అడ్రసు ఇస్తే వచ్చే తంటా మాత్రం అదే. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేస్తే మన కెమెరాను ఎక్కడి నుంచో ఎవరైనా తిప్పగలరు. ముందు అది మార్చాలి. దుబాయ్‌లో 2016 నాటి 12వ నంబరు చట్టం తర్వాత సెక్యూరిటీ పరికరాల పని ‘సిరా’ అనుమతి ఉన్న కంపెనీలే చేయాలి. కాబట్టి పని నేర్చుకున్నా సొంతంగా బయట బిగించడానికి వెళ్లకండి.

హెల్పర్‌గా వచ్చినవాడు హెల్పర్‌గానే పోవాలని లేదు. పక్కన నిలబడి చూస్తే, అడిగితే, ఒక మల్టీమీటర్ కొనుక్కుంటే ఈ పని అబ్బుతుంది. ఆ జగిత్యాల తమ్ముడు ఇప్పుడు టెక్నీషియన్. మొన్నొక రోజు ఫోన్ చేశాడు. కొత్త సైట్లో ఓ కుర్రాడి మీద ఇలాంటి నెపమే వేస్తున్నారట.

‘ముందు మీటర్ పెట్టి చూద్దాం, తర్వాత మాట్లాడుదాం అన్న అన్నా’ అన్నాడు.