మర చుట్లలో దాగే గాలి

1981 జూన్ 27వ తేదీన అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో, హెన్నికర్ అనే ఊరి సమీపాన గల అడవిలో పన్నెండుగురు ఒక వింత ఆటకు పూనుకొన్నారు. వారి చేతులలో ఉన్నవి తుపాకులను పోలినవే గాని తుపాకులు కావు. నరకవలసిన చెట్లకూ, మందలో వేరు చేయవలసిన పశువులకూ దూరం నుండి రంగు గుర్తు వేయడానికి తయారైన పనిముట్లు అవి. అందుకే నేటికీ ఆ ఆటగాళ్లు తమ పరికరాన్ని మార్కర్ అనే పిలుస్తారు. ఆనాడు జెండాలన్నీ చేజిక్కించుకొని గెలిచినవాడు అడవుల పెంపకమే వృత్తిగా గలవాడు. ఒక్క గుండు అయినా పేల్చకుండానే గెలిచాడట! పెయింట్‌బాల్ క్రీడ అలా పుట్టింది.

నాటి మార్కర్‌కు బలం 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ నింపిన చిన్న లోహపు గుళిక. అయిపోగానే పారవేసి మరొకటి పెట్టుకొనేవారు. క్రమంగా ఆట వేగం పెరిగింది. గుళిక స్థానంలో పెద్ద సిలిండరు, దాని వెంట రెగ్యులేటరు, ఉక్కు అల్లిక తొడిగిన గొట్టం, ఎల్బోలు వచ్చి చేరాయి. ప్రతి అతుకు వద్దా ఒక ప్రశ్న తలెత్తింది: ఈ మర చుట్ల మధ్య ఏమి పూయాలి? చూడబోతే ఇది కొళాయి బాగుచేసేవాని ప్రశ్న. కాని కొళాయి కారితే పోయేది నాలుగు చెంబుల నీళ్లు. కారు చక్రంలో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 30, 35 పౌన్లకు మించదు. 21 డిగ్రీల సెల్సియస్ వద్ద సిలిండరులోని కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడి సుమారు 850 పౌన్లు! 31 డిగ్రీలు దాటితే ఆ వాయువు ద్రవరూపంలో నిలువనే నిలువదు. ఒత్తిడి ఇంకా పైకి పోతుంది. మన రోహిణి కార్తె ఎండలో మైదానం పక్కన వదిలిన సిలిండరు సంగతి వేరే చెప్పనక్కరలేదు. నేడు అనేకులు వాడే సంపీడిత వాయువు సిలిండర్లలో ఒత్తిడి 3,000 నుండి 4,500 పౌన్లు. అయితే వాటి రెగ్యులేటరు దానిని బాగా తగ్గించి బయటికి వదులుతుంది.

మార్కర్‌లోని గాలి ఫిట్టింగులు సాధారణంగా 1/8 అంగుళం ఎన్.పి.టి. రకానివి. ఇది అమెరికా కొలత. ఈ మర నిటారుగా ఉండదు. 16 అంగుళాల పొడవుకు వ్యాసం ఒక అంగుళం చొప్పున సన్నగిల్లుతూ పోతుంది. బిగించేకొద్దీ సీసాలో బిరడా వలె ఇరుక్కొంటుంది. అయినా పూర్తిగా మూసుకోదు. ఒక మర శిఖరానికీ ఎదుటి మర లోయకూ నడుమ వెంట్రుకవాసి సందు మిగులుతుంది. తిరుమల ఘాట్ రోడ్డు వలె చుట్లు చుట్లుగా సాగే ఆ సందు వెంటనే వాయువు తప్పించుకొంటుంది. సీలెంటు చేయవలసిన పని ఆ దారిని పూడ్చడమే. అతుకుకు బలమిచ్చేది మాత్రం లోహమే. ఈ తేడా తెలియక ఎక్కువ పూస్తే ఎక్కువ భద్రత అనుకొనేవారు కొల్లలు.

మన దేశపు ఆటగాళ్లు గమనించవలసిన చిక్కు ఒకటుంది. మన బజారులో కొళాయి సామానులకు వాడేది బ్రిటిష్ మర. 1/8 అంగుళం బ్రిటిష్ మరకు అంగుళానికి 28 చుట్లు, కోణం 55 డిగ్రీలు. అమెరికా మరకు 27 చుట్లు, కోణం 60 డిగ్రీలు. ఒకదానిలో మరొకటి రెండు మూడు చుట్లు సుఖంగా ఎక్కి, ఆపై మొండికేస్తుంది. అటువంటి అతుకును ఏ సీలెంటూ సరిచేయలేదు. మన పనివారు తరతరాలుగా నమ్ముకొన్న సఫేదా, జనపనార నీటి గొట్టాలకు తగినవే గాని ఇక్కడ పనికిరావు.

అందరికీ మొదట తోచేది టెఫ్లాన్ టేపు. దాని పుట్టుకకూ ఒక గ్యాస్ సిలిండరే కారణం. 1938లో డ్యూపాంట్ సంస్థ రసాయనజ్ఞుడు రాయ్ ప్లంకెట్ ఒక సిలిండరు తెరచి చూస్తే వాయువు రాలేదు. బరువు మాత్రం తగ్గలేదు. కోసి చూడగా లోపల తెల్లని జిడ్డువంటి పొడి! వాయువే ఘనరూపం దాల్చింది. ఆ పదార్థంతో చేసిన టేపు అంటుకోదు. సందు నింపుతుంది, మరను జారుడుగా చేస్తుంది. ఆ జారుడుతనమే ఒక ఆపద. చేతికి బిగువు తెలియక ఇంకా ఇంకా తిప్పితే పలుచని అల్యూమినియం ఒడలు పగులుతుంది.

అంతకంటె పెద్ద ఆపద టేపు ముక్కలు. మర అంచు దాటి చుట్టిన టేపు తెగి, వాయువుతోపాటు లోపలికి కొట్టుకుపోతుంది. రెగ్యులేటరు మూత కింద ఒక పోగు ఇరుక్కొంటే మూత సరిగా పడదు. లోపలి ఒత్తిడి మెల్లమెల్లగా ఎగబాకుతుంది. మైదానాలలో రంగు గుండు వేగం సెకనుకు 300 అడుగులు మించరాదని నియమం. ఒత్తిడి పెరిగితే వేగమూ పెరుగుతుంది. ఎదుట ఉన్నది మనిషి. టేపే వాడదలచినవారు మొదటి ఒకటి రెండు చుట్లను ఖాళీగా వదలి, ఫిట్టింగును కొన నుండి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుగా, రెండు మూడు పొరలు మాత్రమే చుట్టాలి. పాత టేపును పూర్తిగా గీకివేయకుండా దానిపైనే కొత్తది చుట్టడం మహా దోషం.

రెండవది ద్రవ సీలెంటు. 1953లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరపు ట్రినిటీ కళాశాల ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ రూపొందించిన లాక్‌టైట్ ఈ జాతికి మూలపురుషుడు. దాని స్వభావం విచిత్రం: గాలి తగిలినంతసేపు ద్రవంగా ఉంటుంది, గాలి అందని ఇరుకులో లోహాన్ని తాకగానే గట్టిపడుతుంది. సీసా నిండా పోయకపోవడానికి కారణమూ అదే; లోపల గాలి ఉండాలి. తక్కువ పోశారని కొట్టువానితో తగవు పడనవసరం లేదు. ఇందులో ఊడిపోయే పోగులు లేవు. లోహానికి లోహం బిగిసి, తరచు విప్పని అతుకులకు నా దృష్టిలో ఇదే మేలు.

అయితే రంగు చూసుకోవాలి. ఊదా రంగుది తక్కువ పట్టు, నీలిది మధ్యమం. ఎర్రది పట్టుకొంటే విడువదు. విప్పాలంటే సుమారు 250 డిగ్రీల వేడి చూపాలి. వాయువు నింపిన పరికరం వద్ద మంట పెట్టే దుర్గతి ఎవరికి కావాలి? పైగా ఇవన్నీ ప్రధానంగా మర సడలకుండా పట్టి ఉంచడానికి చేసినవి. వాయువు మూయడానికే ప్రత్యేకించి చేసిన రకాలు దొరుకుతాయి. సన్నని వాల్వులను పూడ్చే పొడి కలపని రకం లాక్‌టైట్ 545 అటువంటిది. నూనె మరక తుడిచి, మొదటి చుట్టు వదలి, ఒక్క బొట్టు పూసి, ఒక రోజు ఆరనివ్వాలి. ప్లాస్టిక్ ఒడలు గల మార్కర్‌కు మాత్రం ఈ ద్రవం శత్రువు. కొన్ని ప్లాస్టిక్కులు దీని స్పర్శకే నెర్రెలు విచ్చుతాయి. అక్కడ టేపే గతి.

బిగించిన తరువాత సబ్బు నురుగు పూసి బుడగలు చూడాలి. వేలితో తడిమి చూడరాదు. అంత ఒత్తిడి గల వాయువు చర్మాన్ని చీల్చగలదు. బుడగ కనబడితే ముందు వాయువునంతా వదిలి, ఆపై పానా పట్టాలి.

ఏమీ పూయకూడని చోటు ఒకటుంది. సిలిండరు మార్కర్‌లోకి ఎక్కే మర నిటారు మర; అక్కడ వాయువును ఆపేది ఓ-రింగు. మన వంట గ్యాస్ సిలిండరు వాల్వులో ఉండే రబ్బరు వలయం వంటిదే అది. కారుతూ ఉంటే ఆ రింగును మార్చాలి. కార్బన్ డయాక్సైడ్‌కు మామూలు నైట్రైల్ రబ్బరు ఉబ్బుతుంది గనుక పాలీయురిథేన్ రింగు మేలు. మరకు జిగురు పూస్తే మాత్రం ప్రాణాంతకం కావచ్చును. సిలిండరుకు రెండు మరలు: వాల్వుకూ మార్కర్‌కూ మధ్య ఒకటి, వాల్వుకూ సిలిండరు మెడకూ మధ్య మరొకటి. మొదటిది జిగురుతో బిగుసుకుపోతే, చేతితో తిప్పేటప్పుడు విడివడేది రెండవది. ఆటగాడు సిలిండరు ఊడి వస్తున్నదనే అనుకొంటాడు. నిజానికి నిండు సిలిండరు తన మూత నుండి విడిపోతున్నది. ఇలా వాల్వు ఊడిన సిలిండరు రాకెట్టు వలె ఎగిరి మనుషులను బలిగొన్న దుర్ఘటనలు అమెరికాలో జరిగాయి.

దీనికి కాణీ ఖర్చులేని కాపలా ఉంది. వాల్వు మీదుగా సిలిండరు మెడ వరకు గోళ్ల రంగుతో ఒకే నిలువు గీత గీయాలి. విప్పేటప్పుడు గీత రెండు ముక్కలై పక్కకు జరిగినట్లు కనబడితే తిప్పడం అక్కడే ఆపి, మార్కర్‌నూ సిలిండరునూ విడదీయకుండా అట్లే ఆ పని నేర్చిన మెకానిక్కు వద్దకు చేర్చాలి.