వెనక లేపితే ముందు మారేది

"మామా, వెనక ఇంచు లేపిచ్చిన. ఎట్లుంది?"

గద్వాల నుంచి వనపర్తి వచ్చిన మా మేనల్లుడు బండి దిగకముందే అడిగిన మాట ఇది. 150 సీసీ స్పోర్ట్స్ బండి. కుట్టబోయే తేలు తోకలా వెనక భాగం లేచి ఉంది. సైడ్ స్టాండు వేయబోతూ ఆగి, బ్యాగులోంచి అరచేయంత చెక్కముక్క తీసి స్టాండు కింద పెట్టాడు. అది లేకపోతే బండి ఎడమకు మరీ ఒరిగిపోతోందట. పోయిన వారం చేను గట్టున నిలబెట్టి వెళ్తే, తిరిగొచ్చేసరికి పడి ఉందట. బండి ఎత్తు పెరిగింది, స్టాండు పొడవు పెరగలేదు మరి.

ఎందుకు లేపించావురా అంటే స్పీడ్ బ్రేకర్లట. ఎర్రవల్లి చౌరస్తాలో పెద్ద రోడ్డు దిగి గద్వాల చేరేలోపు, వెనక దోస్తు కూర్చుంటే, రెండు మూడు చోట్ల బండి బొడ్డు గీరుకుంటోందట. తెలిసిన మెకానిక్ వెనకుండే ఒంటి షాక్ అబ్జార్బర్ (మోనోషాక్) పై కొనలో 8 మి.మీ. మందం ఇనుప ముక్క ఒకటి బిగించి ఇచ్చాడు. అంతే, తోక దగ్గర ఇంచు లేచింది.

ఎనిమిది మిల్లీమీటర్లు ఇంచు ఎలా అయింది? మోనోషాక్ చక్రం ఇరుసు మీద నిలబడి ఉండదు. వెనక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ మొదలుకు దగ్గరగా, చిన్న లింకుల మీద కూర్చుంటుంది. షాక్ ఒక మిల్లీమీటరు కదిలితే చక్రం రెండు మూడు మిల్లీమీటర్లు కదులుతుంది. ఏతం మాను లాంటి లెక్క: ఇరుసుకు దగ్గర కొస జానెడు, దూరపు కొస బారెడు. మావాడి బండిని మార్పు చేయని మరో బండి పక్కన పెట్టి కొలిస్తే, వెనక ఇరుసుకు సరిగ్గా పైన 20 మి.మీ. తేడా వచ్చింది. తోక ఇరుసుకన్నా వెనక ఉంటుంది కాబట్టి అక్కడ 25 దాకా కనబడుతోంది.

మరి బొడ్డు దగ్గర? సగమే. ముందు చక్రం దగ్గర పెరిగింది సున్నా, వెనక చక్రం దగ్గర 20, నడుమ ఉన్న ఇంజను కింద 10. పొట్టు తీస్తే మిగిలిన గింజ అదే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉండాలి. ఆ కొలతలతో కట్టింది ఏ స్పోర్ట్స్ బండి బొడ్డునూ తాకలేదు. బండి రెండు చక్రాలూ దాని మీదే పడతాయి, వాటి నడుమ గుట్ట లేచేది 13 మి.మీ. మాత్రమే. తాకేవి ఊళ్లో వాళ్లు ఎవరింటి ముందు వాళ్లు రాత్రికి రాత్రి సిమెంటు పోసి లేపిన గట్లు. ఉదాహరణకు యమహా ఆర్15 వి4 ఇరుసుల మధ్య దూరం 1325 మి.మీ., నేలకూ బొడ్డుకూ మధ్య ఖాళీ 170. నిటారుగా అడ్డం నిలిచిన ఇరుకు గట్టును ఒక చక్రం దిగి మరో చక్రం ఎక్కకముందు, గట్టు మొత్తం బొడ్డు కిందికే వస్తుంది. స్ప్రింగులు కుంగి ఉన్న ఆ క్షణంలో 10 మి.మీ. ఒక చోట గట్టెక్కిస్తుంది, ఇంకో చోట ఎక్కించదు.

ఆ పది మిల్లీమీటర్ల కోసం మావాడు చెల్లించింది ముందు చక్రం దగ్గర. అది వాడికి తెలియదు. నాగలి పట్టిన రైతుకు మాత్రం వెంటనే అర్థమవుతుంది. మేడిని కాస్త పైకెత్తితే కర్రు లోతుకు దిగుతుంది, అణిస్తే పైకి తేలుతుంది. చేయి పడింది వెనక, పని జరిగింది ముందు. బండి కూడా అంతే. వెనక ఎత్తితే బండి మొత్తం ముందు ఇరుసు చుట్టూ తిరుగుతుంది. మావాడి బండి ఇరుసుల మధ్య 1350 మి.మీ. పొడవున 20 మి.మీ. లేస్తే తిరిగిన కోణం 0.85 డిగ్రీ. డిగ్రీ కూడా కాదు కదా అనిపిస్తుంది.

ఆ కోణం ఎక్కడ పనిచేస్తుందో చూడాలంటే ఇంట్లో ఉన్న పాత సైకిల్ చాలు. హ్యాండిల్ వదిలేసి, సీటు పట్టుకుని ముందుకు నెట్టండి, ముందు చక్రం బుద్ధిగా వస్తుంది. అదే వెనక్కి లాగండి, చక్రం గిర్రున అడ్డం తిరుగుతుంది. ముందు ఫోర్కు నిలువుగా కాక వాలుగా ఉండటంలో ఉంది మతలబు. హ్యాండిల్ తిరిగే గొట్టం వెంట ఒక గీతను ఊహించుకుని నేలదాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటికి కాస్త ముందు దిగుతుంది. టైరు ఆ గీతకు వెనకబడి నడుస్తుంటుంది. ఆ వెనకబాటునే ట్రెయిల్ అంటారు. ఆసుపత్రి స్ట్రెచర్ చక్రాలు ఎటు నెడితే అటు తిరిగి వెనకబడేదీ ఇందుకే. చక్రం పక్కకు తప్పితే, నేల రాపిడి దాన్ని ఈడ్చి మళ్లీ వరసలో పెడుతుంది. ట్రెయిల్ ఎక్కువైతే ఈడ్చే బలం ఎక్కువ. బండి తిన్నగా పోతానంటుంది, తిప్పాలంటే భుజం పెట్టాలి. తక్కువైతే వేలితో తిరుగుతుంది, కానీ ఏ గుంత తగిలినా తనంత తానే తిరగబోతుంది.

మా వాకిట్లో కొలిచాం. మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండును ముందు ఇరుసు నుంచి వేలాడదీసి నేల మీద సుద్దతో ఒక గుర్తు. హ్యాండిల్ గొట్టం వెంట సన్నటి చువ్వను ఆనించి, అది నేలను చూపిన చోట ఇంకో గుర్తు. ఫోర్కు కాళ్ల వెంట ఆనిస్తే కొలత తప్పుతుంది. ఆ కాళ్లు గొట్టానికి కాస్త ముందుగా బిగించి ఉంటాయి. చేతి కొలత కాబట్టి నాలుగైదు మిల్లీమీటర్ల తప్పు ఎలాగూ ఉంటుంది, అందుకే కాగితం మీద కూడా వేశాం. చక్రం వ్యాసార్ధం 300 మి.మీ., వాలు 24 డిగ్రీలు, కాళ్లు ముందుకు జరిగిన దూరం 30 మి.మీ. అనుకుంటే ట్రెయిల్ 101 మి.మీ. వస్తుంది. వెనక 20 లేపితే వాలు 23.15 డిగ్రీలకు దిగి, ట్రెయిల్ 96 అవుతుంది. అయిదు మిల్లీమీటర్లు పోయాయి. డిగ్రీ కన్నా తక్కువ కోణం, నిలబెట్టే బలంలో ఇరవయ్యో వంతు తినేసింది.

ఇదంతా ట్రెయిల్ ఒక్కదాని మహిమ అనుకుంటే పొరపాటు. బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త డేవిడ్ జోన్స్ ఎవరూ తొక్కలేని సైకిల్ తయారు చేయాలని కూర్చుని, వరసగా ఓడిపోయి, ఆ ఓటమి కథనంతా 1970లో 'ఫిజిక్స్ టుడే' పత్రికలో రాశాడు. చక్రం తిరుగుడు బలాన్ని (గైరోస్కోపిక్ ప్రభావాన్ని) రద్దు చేసినా సైకిల్ తొక్కగలిగాడు. ట్రెయిల్‌ను తిరగేసినప్పుడే ఆయనకు చుక్కలు కనిపించాయి. 2011లో 'సైన్స్' పత్రికలో ఆండీ రుయినా, ఆరెండ్ ష్వాబ్ బృందం ఇంకో అడుగు వేసింది. తిరుగుడు బలం లేకుండా, ట్రెయిల్ కొద్దిగా తిరగబడి ఉన్నా, బరువును సరైన చోట పెడితే తనంత తానే నిలబడి పరిగెత్తే చిన్న బండిని చేసి చూపింది. అంటే బరువు ఎక్కడుందన్నదీ ముఖ్యమే. వెనక లేపితే అదీ కదులుతుంది. మనిషితో సహా బండి బరువు కేంద్రం సుమారు 10 మి.మీ. పైకి, నాలుగైదు మి.మీ. ముందుకు జరుగుతుంది.

మావాడిని అడిగితే మొదట్లో బ్రహ్మాండంగా ఉందన్నాడు. గద్వాల సందుల్లో, కోట చుట్టుపక్కల మలుపుల్లో చిటికెలో తిరుగుతోందట. నిజమే, రేసర్లు వెనక ఎత్తేది అందుకే. 1994లో వచ్చిన డుకాటి 916లో వెనక ఎత్తు మార్చుకోవడానికి మరలున్న కడ్డీని కంపెనీయే పెట్టింది, ఫోర్కు వాలు కూడా మార్చుకోవచ్చు. కానీ ట్రాక్ మీద ఒక్కసారికి రెండు మిల్లీమీటర్లు మార్చి, నాలుగు చుట్లు తిరిగి, మళ్లీ కొలుస్తారు. అక్కడ సిమెంటు గట్లుండవు, ఎండబోసిన మక్కలుండవు.

హైదరాబాద్–కర్నూలు రోడ్డెక్కాక అసలు సంగతి బయటపడింది. పెబ్బేరు దాటాక ఎదురు లారీ గాలి కొట్టినప్పుడు, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన అతుకుల మీద, హ్యాండిల్ సన్నగా అదురుతోందట. "చలి జ్వరమొచ్చినట్టు" అన్నాడు. మంచి పోలిక. ముందు చక్రం సెకనుకు ఆరు నుంచి పది సార్లు అటూ ఇటూ కొట్టుకునే ఈ ఊపు ప్రతి బండిలోనూ బీజరూపంలో ఉంటుంది. ట్రెయిల్, బరువు, టైరు గాలి, హ్యాండిల్ బేరింగు బిగువు అన్నీ కలిసి దాన్ని అణచి ఉంచుతాయి. ఒకటి సడలితే మిగిలినవి సర్దుకుంటాయి. రెండు మూడు కలిసి సడలితే సర్దుకోవు. చూస్తే వాడి ముందు టైరులో గాలి కూడా తక్కువే ఉంది.

ఇంకో మార్పును వాడు గమనించనే లేదు. హెడ్‌లైటు బాడీకే బిగించి ఉంది కాబట్టి అదీ 0.85 డిగ్రీ కిందికి వంగింది. నేల నుంచి 90 సెం.మీ. ఎత్తున ఉన్న లైటు, 50 మీటర్ల దూరాన నేలను తాకేలా అమర్చి ఉందనుకోండి. ఇప్పుడది 27 మీటర్ల దగ్గరే నేలను తాకుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 50 మీటర్లంటే మూడు సెకన్లు, 27 అంటే ఒకటిన్నర పైచిలుకు. ఎర్రవల్లి–గద్వాల దారిలో వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ ఒక్కసారి ఎదురైతే ఆ సెకనున్నర విలువ తెలుస్తుంది. లైటు వెనక ఉండే మరను తిప్పితే సరిపోయే పని ఇది. లేపిన వాళ్లలో ఆ మర తిప్పినవాళ్లను నేనింకా చూడలేదు.

నాగర్‌కర్నూల్ వైపు పోతే బాధ ఇంకో రకం. అచ్చంపేట, మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయే అడవి దారిలో ఈగలపెంట దాటాక ఘాట్ కృష్ణ మీది వంతెన వరకు దిగుతూ పోతుంది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రిపూట దారి మూసేస్తారు కాబట్టి ఇక్కడ హెడ్‌లైటు గొడవ తక్కువ, బ్రేకుల గొడవే ఎక్కువ. దిగుడులో బరువు అప్పటికే ముందు చక్రం మీద ఎక్కువ ఉంటుంది. బ్రేకు నొక్కితే ఇంకా ముందుకొస్తుంది, ఫోర్కు కుంగుతుంది, వాలు మరింత తగ్గుతుంది, ట్రెయిల్ మరికొంత పోతుంది. నిలబెట్టే బలం ఎక్కువ కావలసిన చోటే తక్కువగా ఉంటుంది. వెనక లేపిన బండిలో ఈ లెక్క మొదటి మెట్టు నుంచే 5 మి.మీ. లోటుతో మొదలవుతుంది.

ఎక్కుడులో మాత్రం ఒక లాభం ఉంది, దాచడమెందుకు. స్వింగ్ ఆర్మ్ ఏటవాలు పెరగడంతో యాక్సిలరేటర్ తిప్పినప్పుడు చైను లాగే బలం, చక్రం తోసే బలం కలిసి బండి వెనక భాగాన్ని పైకి నిలబెడతాయి. బండి కూలబడదు, మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు ముందు చక్రం తేలదు. మరీ ఎక్కువైతే గతుకుల మీద వెనక టైరు ఎగిరెగిరి పడుతుంది. చైను బిగువు కూడా మారుతుంది. రెండు స్ప్రాకెట్లు, స్వింగ్ ఆర్మ్ మొదలు ఒకే వరసలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికన్నా బిగుసుకుంటుంది. స్టాండు మీద చూస్తే వదులుగానే కనబడి, ఇద్దరు కూర్చుని గుంతలో దిగినప్పుడు తీగలా బిగుస్తుంది. అందుకే బండి ఎత్తు మార్చాక, ఆ మూడూ వరసలోకి వచ్చేలా ఎవరినైనా సీటు మీద కూర్చోబెట్టి అప్పుడు చైను చూడాలి.

ఇంతకీ బొడ్డు ఎందుకు గీరుకుంటోంది? ఇనుప ముక్క బిగించే ముందు వేయాల్సిన ప్రశ్నను మేం చివర వేశాం. వెనక చక్రం గాల్లో వేలాడేలా బండి లేపి ఇరుసు నుంచి తోక మీది గుర్తు వరకు కొలిచాం. వాణ్ణి కూర్చోబెట్టి మళ్లీ కొలిచాం. 42 మి.మీ. దిగింది. ఇలాంటి బండి మనిషి బరువుకు 30–35 దిగితే చాలు. స్ప్రింగు కింద ఉండే ప్రీలోడ్ కాలరు కొన్న రోజు నుంచి అడుగు మెట్టులోనే ఉంది. దాన్ని తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని అందరూ అంటారు గానీ, గట్టిదనం మారదు, మొదలయ్యే ఎత్తు మారుతుంది. మూడు మెట్లు తిప్పితే 31కి వచ్చింది. అంటే మావాడు ఎక్కించిన 20లో సుమారు పది, కుంగిన బాకీ తీర్చడానికే పోయింది. హ్యాండిల్‌ను అదిరించింది మిగతా పది. దోస్తు ఎక్కినప్పుడు ఇంకో రెండు మెట్లు తిప్పుకోమన్నాను. కాలరు తిప్పే కొక్కెం పానా టూల్ కిట్‌లోనే ఉంది, కవరు కూడా చింపలేదు.

ఇక ఇనుప ముక్క తీసేయమంటే వాడికి మనసొప్పలేదు. "తోక లేచినట్టు మంచిగ కనవడ్తుంది కదా మామా" అన్నాడు. దానికి నా దగ్గర లెక్క లేదు. కాసేపాగి, ముందు కూడా అంతే లేపితే వాలు మారదు కదా అన్నాడు. తెలివైన ప్రశ్నే. ఫోర్కు కాళ్లను పట్టుకునే క్లాంపులు వదులు చేసి కాళ్లను కిందికి జరిపితే బండి ముందు వైపూ లేస్తుంది. వంగి చూశాం. పై క్లాంపు మీద ఫోర్కు గొట్టం బయటికి కనబడుతున్నది నాలుగు మిల్లీమీటర్లు.