పీక్‌లో నిఖత్‌ని కొట్టేవాళ్లే లేరా?

గుమ్మఘట్టలో మా తమ్ముడిది ఒకటే మాట: "పీక్‌లో ఉన్నప్పుడు నిఖత్ జరీన్‌ని కొట్టేవాళ్లే లేరన్నా!"

వాడి లెక్క గట్టిదే. 2022లో ఇస్తాంబుల్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో థాయ్‌లాండ్ జుతామస్‌పై 5-0. అదే ఏడాది కామన్వెల్త్ స్వర్ణం. 2023 మార్చిలో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ టైటిల్. మన నిజామాబాద్ అమ్మాయి!

నేను కోడ్ రాసేవాణ్ని, ఫెయిలైన టెస్ట్‌కేసులే ముందు చూస్తా. ఢిల్లీ క్వార్టర్స్‌లో థాయ్ బాక్సర్ చుథామత్ రక్సత్‌పై గెలుపు ఏకగ్రీవం కాదు, జడ్జీలు చీలిపోయారు. అదే రక్సత్, ఆ ఏడాదే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల సెమీస్‌లో నిఖత్‌ని 3-2తో ఓడించింది. "మరి పీక్ ఏమైందిరా?" అంటే, "అప్పటికి అయిపోయిందిలే" అన్నాడు. తిరకాసంతా ఇక్కడే. ఓడిన రోజును పీక్‌లోంచి తీసేస్తే ఎవరైనా అజేయులే! 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో పడిన మైక్ టైసన్‌కీ అభిమానులు ఇదే లెక్క వేస్తారు.

పారిస్ దగ్గర మాత్రం తమ్ముడి వైపే నేను. రెండు ప్రపంచ స్వర్ణాలున్నా 2024 ఒలింపిక్స్‌లో ఆమెకు సీడింగ్ లేదు. రెండో బౌట్‌కే టాప్ సీడ్, చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది. డ్రా ఘోరం, నిజమే. అయినా 0-5 స్కోరు మొత్తాన్నీ డ్రా ఖాతాలో రాయలేం కదా.

2022లో స్ట్రాంజా టోర్నీలో నిఖత్ ఓడించిన టర్కీ బాక్సర్ బూసె నాజ్, 2025 లివర్‌పూల్ ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో బదులు తీర్చుకుంది. రెండు నెలలకే గ్రేటర్ నోయిడా వరల్డ్ కప్ ఫైనల్స్‌లో నిఖత్‌కి మళ్లీ స్వర్ణం. దీన్ని పీక్‌లో కలపాలో వద్దో మావాడు ఇంకా తేల్చలేదు.