పాత బండిని మనమే చూసుకుందాం

పూర్వం రైతుల ఇళ్ళల్లో ఎడ్లబండ్లు ఉండేవి. బండి కట్టే ముందు ఇరుసుకు కందెన పెట్టేవాళ్ళు. చక్రం కదిలించి చూసేవాళ్ళు. ఎవరూ చెప్పనక్కర్లేదు. అది వాళ్ళకు అలవాటు.

ఇప్పుడు ఎడ్లబండి చేసే పనిని చిన్న ట్రక్కు చేస్తోంది. 2005లో టాటా ఏస్ వచ్చింది. జనం దాన్ని 'ఛోటా హాథీ' అన్నారు. అంటే చిన్న ఏనుగు. ఇలాంటి పికప్ బండ్లు ఇంకా చాలా రకాలు ఉన్నాయి. తెనాలి మార్కెట్టుకు నిమ్మకాయలు, దుగ్గిరాల యార్డుకు పసుపు, నిజాంపట్నం నుంచి చేపలు వీటి మీద వెళ్తుంటాయి.

కొత్త బండి అందరూ కొనలేరు. 2 లక్షల కిలోమీటర్లు తిరిగిన పాత బండి కొనేవాళ్ళు ఎందరో. 2 లక్షల కిలోమీటర్లంటే ఎంత? భూమి చుట్టుకొలత సుమారు 40 వేల కిలోమీటర్లు. అంటే ఆ బండి భూమిని 5 సార్లు చుట్టినంత! అది ముసలి ఎద్దు లాంటిది. పని చేస్తుంది. కాని రోజూ కనిపెట్టి చూసుకోవాలి.

మూత తెచ్చిన ముప్పు

నందివెలుగులో మా పక్కింటి బాబాయికి ఇలాంటి బండే ఉంది. ఒక ఎండాకాలం పసుపు బస్తాలు వేసుకుని దుగ్గిరాల బయలుదేరాడు. దారిలో వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది. ముందు నుంచి ఆవిరి వచ్చింది. బాబాయి బండి ఆపాడు. తువ్వాలు అడ్డం పెట్టి రేడియేటర్ మూత తిప్పాడు. అంతే! సలసల కాగే నీళ్ళు చేతి మీద, మెడ మీద చిమ్మాయి. 20 రోజులు ఇంట్లోనే ఉన్నాడు. బండి ఆగింది. బండి అప్పు వాయిదా మాత్రం ఆగలేదు.

నేను చూడటానికి వెళ్ళాను. "అసలు నీళ్ళు ఎందుకు తగ్గినయ్ బాబాయ్?" అని అడిగాను.

"ఏమో అబ్బాయ్. రోజూ ఒక చెంబుడు పోస్తానే ఉన్నా" అన్నాడు.

"పోస్తన్నావు సరే, ఎక్కడికి పోతన్నయ్యో చూశావా?" అంది పిన్ని.

తరువాత మెకానిక్ చూశాడు. నీళ్ళ గొట్టానికి ఉన్న క్లిప్పు వదులైంది. దాన్ని బిగిస్తే సరిపోయేది!

పిన్ని అడిగిన మాటే ఈ పాఠంలో ముఖ్యమైన మాట. తగ్గినది పోస్తే చాలదు. ఎందుకు తగ్గిందో కనుక్కోవాలి.

బండి వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయరాదు. ఎందుకు? అది కుక్కర్ లాంటిది. లోపల ఒత్తిడి ఉంటుంది. మామూలుగా నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఒత్తిడిలో అంతకన్నా వేడెక్కినా మరగవు. మూత తీయగానే ఒత్తిడి పోతుంది. నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతాయి. అందుకే ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత ముట్టుకోవాలి.

పొద్దున్నే 10 నిమిషాలు

బండి స్టార్ట్ చేయకముందే ఇవి చూడాలి.

1. బండి కింద: నేల మీద చుక్కలు పడ్డాయా? నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్ కావచ్చు. రంగునీళ్ళయితే కూలెంటు కావచ్చు. చక్రం లోపలి వైపు తడిగా ఉంటే బ్రేక్ ఆయిల్ కారుతుందేమో చూడాలి.

2. ఇంజన్ ఆయిల్: బండి సమంగా ఉన్న చోట నిలపాలి. కొలపుల్ల బయటకు తీసి శుభ్రమైన గుడ్డతో తుడవాలి. మళ్ళీ లోపల పెట్టి తీయాలి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీతకు తగ్గితే పోయాలి. పై గీత దాటకూడదు. ఆయిల్ పాలు కలిపిన టీలా కనబడితే అందులో నీళ్ళు కలిశాయన్న మాట. అప్పుడు బండి తీయవద్దు.

3. కూలెంటు: డబ్బా మీద రెండు గీతలు ఉంటాయి. వాటి మధ్య ఉండాలి. బోరు నీళ్ళు, ఉప్పు నీళ్ళు పోస్తే లోపల పొర కడుతుంది, తుప్పు పడుతుంది. బండి పుస్తకంలో చెప్పిన కూలెంటే పోయాలి.

4. బ్రేక్ ఆయిల్: లైనింగులు అరిగేకొద్దీ ఇది మెల్లగా తగ్గుతుంది. ఒక్కసారిగా తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే. పెడలు మెత్తగా లోపలికి దిగిపోతున్నా ప్రమాదమే. బండి అక్కడే ఉంచి మెకానిక్‌ను పిలవాలి. మనవి కాలువగట్టు రోడ్లు. ఒక పక్క కాలువ, ఎదురుగా ట్రాక్టరు. అక్కడ బ్రేకు పడకపోతే ప్రాణాలకే ముప్పు. బ్రేక్ ఆయిల్ బదులు ఇంజన్ ఆయిల్ ఎన్నడూ పోయకండి. లోపలి రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి.

5. టైర్లు: టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. ఎంత గాలి ఉండాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది. టైరు గాడిలో చిన్న గుబ్బలు ఉంటాయి. టైరు అరిగి ఆ గుబ్బలతో సమానమైతే మార్చాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఇది చట్టం. స్టెపినీ కూడా చూడండి.

వారానికి ఒకసారి

ఫ్యాన్ బెల్టు: ఇంజన్ ఆపి, బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కాలి. మరీ వదులుగా ఉండరాదు. పగుళ్ళు ఉంటే మార్చాలి.

బ్యాటరీ: కొసల మీద తెల్లటి, పచ్చటి పొడి పేరుకుంటుంది. ముందు మైనస్ తీగ విప్పాలి. వేడినీళ్ళతో కడిగి, ఆరాక తీగలు బిగించాలి. మైనస్ తీగను చివర బిగించాలి. దగ్గర బీడీ కాల్చరాదు. బ్యాటరీ నుంచి అంటుకునే గ్యాసు వస్తుంది.

ఎయిర్ ఫిల్టర్: నూర్పిళ్ళ కాలంలో దుమ్ము ఎక్కువ. కాగితం ఫిల్టరయితే మెల్లగా తట్టి దులపాలి. నీళ్ళతో కడగరాదు. బాగా నల్లబడితే మార్చాలి.

నెలకు ఒకసారి వీల్ నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడాలి. కమాను కట్టల దగ్గర, ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర గ్రీజు నిపిల్స్ ఉంటే గ్రీజు కొట్టించాలి. పాత బండికి ఇదే కందెన!

మనం చేయరాని పనులు

బ్రేకు విప్పడం, ఇంజన్ విప్పడం మెకానిక్ పని. జాకీ మీద నిలిపిన బండి కిందకు ఎన్నడూ దూరకండి. మన రేగడి నేల మెత్తన. జాకీ ఒరిగితే బండి మీద పడుతుంది. టైరు మార్చేటప్పుడు గట్టి నేల మీద బండి ఆపాలి. జాకీ కింద చెక్క పెట్టాలి. మిగతా చక్రాలకు రాళ్ళు అడ్డం వేయాలి.

తీసేసిన పాత ఆయిల్ కాలువలో పారబోయవద్దు. కృష్ణ కాలువల నీళ్ళే మన పొలాలకు, తాగునీటి చెరువులకు వస్తాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్ళకు ఇవ్వండి.

బండికి ఒక నోటుపుస్తకం

పిన్ని రాత్రి బడిలో చదువుకుంది. బాబాయి లేచి తిరిగాక ఒక నోటుపుస్తకం కొని బండి లెక్క రాయడం మొదలుపెట్టింది. బాబాయి మీటరు చూసి చెబుతాడు. పిన్ని ఇలా రాస్తుంది:

తేదీ 3. మీటరు 2,14,300. కూలెంటు పావు లీటరు పోశాం.
తేదీ 6. మీటరు 2,14,520. మళ్ళీ పావు లీటరు. ఎందుకు?

ఆ 'ఎందుకు' అన్న మాటే బండిని కాపాడుతుంది. మూడు రోజుల్లో రెండుసార్లు పోశామని పుస్తకం చెబుతుంది. నోటి లెక్కయితే మరిచిపోతాం.

డీజిల్ లెక్క కూడా అంతే. ట్యాంకు నిండా పోయించి మీటరు రాయండి. మళ్ళీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో రాయండి. 300 కిలోమీటర్లకు 20 లీటర్లు పడితే, లీటరుకు 15 కిలోమీటర్లు. తరువాత అదే 300కు 25 లీటర్లు పడితే, లీటరుకు 12 మాత్రమే. లీటరు 100 రూపాయలు అనుకుంటే 500 రూపాయలు నష్టం! బరువు అంతే అయితే, టైర్లలో గాలి తగ్గిందా? ఫిల్టర్ మూసుకుపోయిందా? బ్రేకు పట్టేస్తోందా? వెతకాలి.

ఆయిల్ మార్చిన తేదీ, టైర్లు వేసిన తేదీ, ఫిట్‌నెస్ ముగిసే తేదీ కూడా రాయండి. 8 ఏళ్ళు దాటిన సరుకు రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

బాబాయి ఇప్పుడు కొలపుల్ల చూడకుండా బండి తీయడు. "మీ పిన్ని రాసుకోవాలిగా, చూడకపోతే ఊరుకోదు" అంటాడు నవ్వుతూ.

చదివారు కదా! చెప్పండి:

1. వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత ఎందుకు తీయరాదు?
2. బ్రేక్ ఆయిల్ ఒక్కసారిగా తగ్గితే ఏం చేయాలి?
3. 360 కిలోమీటర్లకు 24 లీటర్ల డీజిల్ పట్టింది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు?
4. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరికైనా బండి ఉందా? ఈ పాఠం వాళ్ళకు చదివి వినిపించండి. బండి పుస్తకంలో మొదటి పేజీ మీరే రాసి ఇవ్వండి.