గాలికీ వానకీ ఆరని దీపాలు

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం ఒకనాటి కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. అక్కడి మధుకేశ్వరాలయంలో రాళ్లమీద చెక్కిన శాసనాలు చదివితే దీపాల మాట మళ్లీ మళ్లీ వస్తుంది. ఫలానా ఆయన, ఫలానా ఆవిడ స్వామికి అఖండదీపం పెట్టించి, అందుకు ఇన్ని మాడలు (బంగారు నాణేలు) ఇచ్చారని రాసి ఉంటుంది. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడి కాలంవీ వాటిలో ఉన్నాయి. గమ్మత్తేమిటంటే, దాతలు ఇచ్చింది దీపపు సెమ్మె ఒక్కటే కాదు, అది ఏళ్ల తరబడి వెలగడానికి కావలసిన ఆదాయం. తెలుగునాట మిగతాచోట్ల ఒక్కో అఖండదీపానికి 25 ఆవులో 50 గొర్రెలో ఇవ్వడం మామూలు. వాటి నెయ్యే దీపానికి చమురు. కొనడం కన్నా నిలబెట్టడానికే ఎక్కువ ఖర్చవుతుందని వాళ్లకు తెలుసు. ఇవాళ గేటు స్తంభానికి ఎల్‌ఈడీ లైటు కొనేవాళ్లం వాట్లు చూస్తాం, ధర చూస్తాం, మూడో వానాకాలానికి అది బతికి ఉంటుందా అని మాత్రం అడగం.

*

మధుకేశ్వరుడి పేరులోని మధుకం అంటే ఇప్పచెట్టు. సవర గిరిజనులు కొట్టిన ఇప్పచెట్టు మొదట్లో శివుడు వెలిశాడని స్థలపురాణం. విశేషమేమిటంటే, ఇప్పగింజల నుంచి తీసిన నూనె ఈ ఏజెన్సీ కొండల్లో వంటకే కాదు, దీపానికీ వాడేవారు. దీపపు నూనెనిచ్చే చెట్టులోంచి వచ్చిన దేవుడన్నమాట.

*

కార్తీకమాసంలో శివాలయాల ధ్వజస్తంభానికి ఆకాశదీపం కడతారు. చుట్టూ చిల్లులున్న చిన్న ఇత్తడి పాత్ర, లోపల ప్రమిద, పైకి లాగడానికి తాడు. ఒత్తికి గాలి అందాలి, గాలి విసురు మాత్రం తగలకూడదు. ఆ చిల్లులున్నది అందుకే. ఆరుబయట దీపానికి మనవాళ్లు చేసిన పాత ఏర్పాట్లలో ఇదొకటి. దుమ్మునూ నీళ్లనూ లైటు ఎంత ఆపుతుందో చెప్పే ఈ కాలపు ‘ఐపీ’ సంఖ్య దీనికి ఇవ్వాల్సివస్తే రెండో అంకె సున్నాయే. నాలుగు చినుకులు పడితే ఆరిపోతుంది మరి.

ఈ ఐపీ సంఖ్య పెట్టె మీద ఉంటుంది గాని, దాన్ని విడమరిచి చెప్పే దుకాణదారు తక్కువ. రెండంకెలను కలిపి ‘అరవై అయిదు’ అని చదవకూడదు, విడివిడిగా చదవాలి. మొదటిది దుమ్ము సంగతి, 0 నుంచి 6 దాకా. 6 ఉంటే దుమ్ము అసలు దూరదు. రెండోది నీటి సంగతి. 4 అంటే ఏ వైపు నుంచి జల్లు కొట్టినా తట్టుకుంటుంది. 5 అంటే 6.3 మిల్లీమీటర్ల గొట్టంతో నిమిషానికి 12.5 లీటర్ల చొప్పున నీళ్లు చిమ్మినా ఫరవాలేదు. 6 అయితే ఏకంగా నిమిషానికి 100 లీటర్లు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా పనిచేస్తుంది.

దీనికి ఇంకో మెలిక ఉంది. ఐపీ 67 అన్నంత మాత్రాన ఐపీ 65 కూడా నెగ్గినట్టు కాదు. నీళ్లలో మునగడం వేరు, విసిరి కొట్టే ధారను తట్టుకోవడం వేరు. రెండూ కావాలంటే పెట్టె మీద రెండు సంఖ్యలూ వేసి ఉండాలి. మన ఇళ్లకు చూరు కింద లైటయితే ఐపీ 44 సరిపోతుంది. పిట్టగోడ మీద, గేటు మీద ఆకాశం కింద ఉండేదానికి 65కి తగ్గొద్దు. తోటలో నేలమీద పాతేదానికి 67 ఉండాలి. వంశధారకు వరద వచ్చినప్పుడు నీళ్లు చేరే పెరడయితే నేలలో లైటు పాతే ఆలోచనే మానుకోవడం మంచిదని నా అభిప్రాయం.

*

ఐపీ పరీక్ష మంచినీళ్లతో, కొత్త లైటు మీద చేస్తారు. లైటుకీ నీళ్లకీ వేడిలో పెద్ద తేడా లేకుండా చూస్తారు. మన వాన ఈ నియమాలేవీ పాటించదు. సాయంత్రం నుంచి వెలిగి కాగిన ఫ్లడ్‌లైటు మీద రాత్రి పదింటికి చల్లటి వాన పడుతుంది. లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని, రబ్బరు సీలు పక్క నుంచి తేమను లోపలికి పీల్చుకుంటుంది. అద్దం వెనక పొద్దున కనిపించే ఆవిరి అదే. మంచి కంపెనీలు లైటు వెనక చిన్న బిరడా లాంటిది పెడతాయి. అది గాలిని పోనిస్తుంది, నీటిబొట్టును రానివ్వదు. లైటు కొనేటప్పుడు ఆ బిరడా ఉందో లేదో వెనక్కి తిప్పి చూడండి.

పాడైన ఫ్లడ్‌లైటు ఒకటి దొరికితే విప్పి చూడండి, మంచి పాఠం. అద్దం బాగానే ఉంటుంది. ఎల్‌ఈడీ చిప్పులు చాలావరకు బాగానే ఉంటాయి. కింది మూలలో మాత్రం చెంచాడు నీళ్లు, అల్యూమినియం మీద తెల్లటి బూజులాంటి పొడి, వైరు లోపలికి వచ్చే రంధ్రం దగ్గర పచ్చగా పట్టిన చిలుము కనిపిస్తాయి. ఆ రంధ్రానికి ఉండాల్సిన గ్లాండు (వైరు చుట్టూ బిగిసే మూత) ఉండదు, దాని బదులు నాలుగు చుట్లు నల్లటేపు ఉంటుంది. ఐపీ 66 లైటు కొని దాని ముడి టేపుతో చుడితే అది ఐపీ 66 కాదు. వైరు లైటుకి కింది నుంచి ఎక్కేలా, ఎక్కేముందు కొంచెం కిందికి వేలాడేలా వదలమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. అప్పుడు వైరు వెంబడి జారే నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. పైసా ఖర్చు లేని పని ఇది.

*

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను మన పొరుగున ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర విరుచుకుపడి ఉద్దానం కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది. ఆ వారమంటే ఉత్తరాంధ్రలో ఇప్పటికీ గుండెల్లో గుబులే. వెనకే దీపావళి, కార్తీకం వస్తాయి. బయట లైట్లు కొనేవాళ్లు ఎక్కువమంది కొనేదీ అప్పుడే.

గాలివేగం మూడింతలైతే దాని తోపుడు తొమ్మిదింతలవుతుంది. అందుకే 50 కిలోమీటర్ల గాలికి కదలని సోలార్ లైటు 150 కిలోమీటర్ల గాలికి స్తంభంతో సహా వాలిపోతుంది. దాని పలక తెరచాప పని చేస్తుంది. ఈ తీరంలో సోలార్ లైటు బిగించేటప్పుడు బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందని అడిగే ముందు బోల్టులెన్ని, పునాది లోతెంత అని అడగాలి.

*

ఎల్‌ఈడీతో తెల్లని వెలుగు సాధ్యం చేసిన నీలి ఎల్‌ఈడీకి ముగ్గురు శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురా భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్నారు. ఆ ప్రకటన వచ్చింది 2014 అక్టోబర్ 7న. అయిదు రోజులకే హుద్‌హుద్ వచ్చి విశాఖను చీకట్లో ముంచింది. కూలిన స్తంభాలు మళ్లీ నిలబెట్టేటప్పుడు పాత సోడియం దీపాల బదులు ఎల్‌ఈడీలు బిగించారు. ఈఈఎస్ఎల్ అనే కేంద్ర సంస్థ ద్వారా తొంభై వేలకు పైగా వీధిదీపాలు మారాయి. దేశంలో ఎల్‌ఈడీ వీధిదీపాల పథకాన్ని 2015 జనవరి 5న ప్రారంభించారు. విశాఖ ముందువరుసలో నిలవడానికి ఒక తుపాను కారణమైంది.

*

పెట్రోమాక్స్ లైటు వాన పడితే ఎందుకు పగిలేదో గుర్తుందా? కాలుతున్న గాజుమీద చల్లటి చినుకు పడగానే అది పుటుక్కుమనేది. 1910 ప్రాంతంలో బెర్లిన్‌లో పుట్టిన ఈ దీపం మన తూర్పు భాగవతాలకూ పెళ్లి ఊరేగింపులకూ రాత్రిని పగలు చేసింది. వాన మబ్బు కనిపిస్తే మోసేవాళ్ల మొహాలు మాత్రం మాడిపోయేవి. ఎల్‌ఈడీ అద్దం అంతగా కాలదు కనుక ఆ బాధ లేదు.

*

ఉప్పుగాలి సంగతి వేరే. ముఖలింగం దాటి దిగువకు పారిన వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒకే రకం లైటు ముఖలింగంలో బాగా నిలబడి, కళింగపట్నంలో త్వరగా తుప్పు పడుతుంది. అల్యూమినియం పెట్టెకి మామూలు ఇనుప స్క్రూలు బిగిస్తే ఉప్పునీళ్లు ఆ రెండు లోహాల మధ్య చిన్నపాటి బ్యాటరీలా పనిచేసి స్క్రూ చుట్టూ తినేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలులోనూ రకాలున్నాయి. 304 కంటే 316 రకం ఉప్పుకు బాగా ఆగుతుంది, అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది. సముద్రం ఒడ్డున ఇల్లయితే స్క్రూలు ఏ రకమని అడిగితే దుకాణంలో నవ్వుతారేమో. అడగండి.

*

తొలకరి పడిన సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేచి లైటు చుట్టూ మూగుతాయి. దీపం కింద నీళ్ల పళ్లెం పెట్టి వాటిని పట్టి, రెక్కలు విదిల్చి వేయించుకు తినేవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. పురుగులను ఎక్కువగా రప్పించేది నీలం పాలు ఎక్కువున్న తెల్లటి వెలుగు. పెట్టె మీద 6500 కెల్విన్ అని ఉంటే అదే. 2700, 3000 అని ఉంటే పసుపు వన్నె, దానికి పురుగులు తక్కువగా వస్తాయి. అరుగు మీద కూర్చుని భోంచేసే అలవాటున్న ఇళ్లకు పసుపు వెలుగే హాయి. ఉసిళ్లు కావాలనుకునేవాళ్లు తెల్లలైటు కొనుక్కోవచ్చు.

*

వెలుగు వన్నెతో పని ఉన్న జీవి ఇంకొకటి ఉంది, తాబేలు. శ్రీకాకుళం తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాత్రివేళ గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగున్న వైపు పాకుతాయి. ప్రకృతిలో ఆ వెలుగు సముద్రం మీద ఉంటుంది. రిసార్టు గోడమీద తెల్లని ఫ్లడ్‌లైటు ఉంటే అవి రోడ్డెక్కుతాయి. ఎరుపు, నారింజ వన్నె వెలుగులు వాటిని అంతగా తప్పుదారి పట్టించవు. తీరంలో లైటు పెట్టక తప్పకపోతే వన్నె మార్చి, ముఖం నేలకు దించి, వెనకవైపు మూత పెట్టాలి.

*

బయటి లైటులో ముందుగా పోయేది సాధారణంగా ఎల్‌ఈడీ కాదు, దానికి కరెంటునిచ్చే డ్రైవరు. అందులోని కెపాసిటర్ వేడికి ఎండిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. ఎండ పడే రేకు కింద, మూసిన పెట్టెలో బిగిస్తే ‘50 వేల గంటలు’ అన్న అచ్చుమాట చెల్లదు. పల్లెల్లో సాయంత్రం వోల్టేజీ పడిపోతుంది, అర్ధరాత్రి లేస్తుంది. అందుకే 220–240 అని రాసింది కాకుండా 100 నుంచి 300 వోల్టుల దాకా పనిచేసేది తీసుకోవాలి. పిడుగుల కాలంలో సర్జ్ రక్షణ ఎన్ని కిలోవోల్టులో కూడా చూడాలి. ఇంట్లో వాడే చవక లైటు మీద ఆ సంఖ్య చాలాసార్లు ఉండనే ఉండదు.

*

చెక్కిన రాతికి ఎదురుగా లైటు కొడితే బొమ్మ చదునై చచ్చిపోతుంది. పక్కనుంచి, గోడకు దగ్గరగా, వాలుగా వేస్తే ప్రతి గీతకూ నీడ పడి శిల్పం లేచి వస్తుంది. అరిగిన శాసనాలు చదివేవాళ్లు వాడే ఉపాయమూ ఇదే. మధుకేశ్వరాలయ ద్వారాల మీది లతలనూ బొమ్మలనూ పొద్దున వాలు ఎండలో చూసినవాళ్లకు ఈ మాట చెప్పనక్కర్లేదు. మీ ఇంటి ముందు రాతిగోడకైనా ఇదే సూత్రం.

అయితే ఆ గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రాతికి మేకు కొట్టి లైటు బిగించడం కుదరదు. 2010లో సవరించిన చట్టం ప్రకారం ఇలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లలో అనుమతి కావాలి. వెలుగు వల్ల రాతికి వచ్చే చేటు ఇంకొకటి ఉంది. తడి రాయిమీద రోజూ గంటల తరబడి వెలుగు పడితే నాచు పడుతుంది. దీపాలు పెట్టిన గుహల్లో ఇది లోకమంతటా కనిపించే తంటా. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను 1963లో సందర్శకులకు మూసేయడానికి అక్కడ పట్టిన పచ్చని నాచు కూడా ఒక కారణం. వెలుగు ఎంత తక్కువసేపు వేస్తే రాతికి అంత మంచిది.

*

శివరాత్రి తర్వాత జరిగే చక్రతీర్థ స్నానానికి ఒడిశా నుంచి కూడా జనం వంశధారకు వస్తారు. తీర్థమంటే కొట్లు, కొట్లంటే సీరియల్ సెట్లు, తడి ఇసుకలో అతుకుల వైర్లు. అలాంటి చోట ఎమ్‌సీబీ ఒక్కటీ చాలదు. అది వైరును కాపాడుతుంది గాని మనిషిని కాదు. 30 మిల్లీయాంపియర్ల కరెంటు లీకైనా పడిపోయే ఆర్‌సీసీబీ ఉండాలి. ఇంటి పెరట్లో కుళాయి దగ్గర లైటున్నా ఇదే వర్తిస్తుంది.

సీరియల్ సెట్లు, ఫ్లడ్‌లైట్లు, వీధిదీపాలు, డ్రైవర్లు అన్నిటికీ భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ముద్ర కింద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది. పేరు రాకపోయినా, వచ్చినది పెట్టె మీదిదానితో కలవకపోయినా ఆ లైటు దుకాణంలోనే వదిలేయండి. పేరు కలిస్తే, డబ్బు ఇచ్చేముందు వారంటీ కార్డు వెనకవైపు కూడా చదవండి. పిడుగు, హెచ్చు వోల్టేజీ, లోపలికి నీరు చేరడం, ఈ మూడింటికీ వారంటీ వర్తించదని చిన్న అక్షరాల్లో ఉందేమో చూసుకోండి.